సిద్ధాంతిగారి పత్రాల పెట్టె

చెన్నమరాజుకు ఏ కోరిక పుట్టినా ఆ పూటే తీరాలి. ఆ భాద్రపద పౌర్ణమికి ఎర్రవాగు ఇసుకలో వెన్నెల విందు చేయాలని పుట్టింది. వాగులో చుక్క నీరు లేదు. ఎనిమిది రోజులదాకా చినుకు రాలదని ఆస్థాన జ్యోతిష్కుడు నరహరి సిద్ధాంతి లెక్కగట్టి మరీ చెప్పాడు.

వాన కావలి పెద్ద తిప్పన్నకు మాత్రం మనసు కుదురుగా లేదు. ఎగువ కొండల మీద అతని మనుషులు వంతులవారీగా మబ్బును కనిపెడుతూ, కాగడాలతో కొండ నుంచి కొండకు కబురు అందిస్తారు. ఒక కాగడా అంటే ఉరుములు. రెండంటే కుండపోత. మూడంటే వరద బయల్దేరినట్టే. రెండు ఘడియల్లో వాగులోకి వచ్చిపడుతుంది.

కిందటేడు అతని మాట విని వేట మానుకుంటే నాలుగు తుంపరలు పడి ఊరుకున్నాయి. రాజుకు ఆ ఉక్రోషం ఇంకా తీరలేదు. ఈ రాత్రి వాన అనిగానీ వరద అనిగానీ ఎవరు నోరెత్తినా మెడపట్టి రాజ్యం దాటిస్తానని ముందే హుకుం వేశాడు. సిద్ధాంతి తిప్పన్న వంక చూసి ముసిముసిగా నవ్వాడు.

ఇసుకలో తివాచీలు పరిచి విస్తళ్లు వేశారు. మూడొందల మంది బారులు తీరి కూర్చున్నారు. వంటవాళ్ల చంటిపిల్లలు కూడా అక్కడే ఉన్నారు. వెన్నెల పిండారబోసినట్టుంది. సరిగ్గా పులిహోర వడ్డించే వేళకు దగ్గరి కొండ మీద ఒక కాగడా వెలిగింది. కాసేపటికి రెండయ్యాయి. తిప్పన్న విస్తరి ముందు నుంచి లేచాడు. మూడోదీ వెలిగింది.

నోరెత్తితే భటులు తనను ఈడ్చుకుపోతారు, ఇసుక మీంచి ఒక్కరూ కదలరు. అందుకే తిప్పన్న నవ్వుముఖం పెట్టుకుని రాజు ముందు చేతులు కట్టుకున్నాడు. ఇంత చక్కటి రాత్రిని లెక్కగట్టి చూపిన గ్రంథాలకు విందు నడుమ పీట వేసి పూజ చేయకపోతే మర్యాద కాదని విన్నవించాడు. ఆ తాళపత్రాల పెట్టె గట్టు మీద సిద్ధాంతిగారి పల్లకిలోనే ఉందని కూడా గుర్తుచేశాడు.

రాజుకు మహా ముచ్చటేసింది. వెంటనే దింపించమన్నాడు.

సిద్ధాంతి ముఖం పాలిపోయింది. అవి తాతలనాటి పత్రాలు, మరో ప్రతి ఎక్కడా లేదు. ఇసుక పనికిరాదన్నాడు. పట్టుబట్ట పరుద్దామన్నారు. ముహూర్తం లేదన్నాడు. ముహూర్తాలు పెట్టేది తమరేగా అన్నారు.

"ఎందుకు వెనకాడుతున్నారు, సిద్ధాంతిగారూ?" అన్నాడు రాజు.

"చెమ్మ తగులుతుందేమోనని, ప్రభూ..." అని నసిగాడు సిద్ధాంతి.

"చుక్క నీరు లేని వాగులో చెమ్మెక్కడిది?"

తిప్పన్న వినయంగా అందుకున్నాడు.

"ప్రభువులు తడిస్తే తుడుచుకోవచ్చు, తాళపత్రాలు తడిస్తే తుడుచుకోలేం కదా, మహారాజా."

రాజు చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. గట్టు మీది పల్లకిని చూశాడు, సిద్ధాంతిని చూశాడు. మరుక్షణం లేచి అందరినీ గట్టు మీదికి నడవమన్నాడు.

ఆఖరి వంటమనిషి చంటిదాన్ని చంకనేసుకుని గట్టు ఎక్కాడో లేదో, ఎర్రనీళ్లు ఒడ్లు ఒరుసుకుంటూ వచ్చిపడ్డాయి. తివాచీలనూ పీటలనూ పులిహోర గంగాళాన్నీ ఎత్తుకుపోయాయి.

గంగాళం గిరగిరా తిరుగుతూ పోతుంటే ముందుగా రాజే నవ్వాడు. తన చేతి కంకణం తీసి తిప్పన్నకు తొడిగాడు. మరి సిద్ధాంతిగారికేమిటని మంత్రి అడిగాడు.

"మబ్బు పట్టిన ప్రతి రాత్రీ కొండ మీద కావలివాళ్ల పక్కన కూర్చుంటారు. పత్రాలు మాత్రం ఇంట్లో భద్రంగా పెట్టుకోవచ్చు" అన్నాడు రాజు.

గట్టు మీద మూడొందల మందీ ఘొల్లున నవ్వారు.