కంచు గంట పిలిచిన చుట్టాలు

అనగనగా, మన తాతల తాతలకైనా లెక్క తెలియని కాలంలో, సముద్రం ఒడ్డున ఒక ఊరు. గంగమ్మ తల్లికి దండం పెట్టుకుని వినండి నాయనా.

ఆ ఊళ్ళో కంచరి వీరాచారి కొలిమి దగ్గర తిత్తి ఊదే మనిషి అసిరమ్మ. మొగుణ్ణి సముద్రం తీసుకుంది. మిగిలింది ఒక్కగానొక్క కొడుకు ఎర్రయ్య. వాడూ సముద్రం మీద చేపల వేటకే పోతాడు.

ఆ ఏడు పొగమంచు విడవలేదు. ఒడ్డెటో తెలియక పడవలు మునిగిపోతున్నాయి. దిబ్బ మీద పెద్ద గంట కడితే, మోత విని దారి పట్టుకుంటారన్నారు పెద్దలు. కంచు చాల్లేదు. ఇసుక తవ్వితే కిలుం పట్టిన కంచు నాణేలు దొరికాయి. వాటి మీద రోమాపురి రాజుల ముఖాలు. ఎప్పుడో మునిగిన ఓడలోవి.

వాటిని కలిపి గంట పోత పోశారు. కొడితే మోత లేదు. కరిగించి మళ్ళీ పోశారు. కొడితే మోత లేదు. మూడోసారి కరిగిస్తుంటే కబురొచ్చింది, ఎర్రయ్య పడవ మంచులో చిక్కుకుందని.

అసిరమ్మ తిత్తి ఊదుతూనే, కంచు కరిగే మూసలోకి చూసింది. కంచంతా కరిగింది. ముఖాలు కరగలేదు. పైకి తేలి పెదాలు కదుపుతున్నాయి. ముఖాలు రాజులవి, గొంతులు ఓడవాళ్ళవి.

"మేమూ ఇంటికి బయల్దేరినవాళ్ళమే. మమ్మల్నెవరూ పిలవలేదు."

"ఓలే అసిరీ, ఎవులితోనే మాటలు?" అన్నాడు వీరాచారి.

"ఆకలిగొన్నోళ్ళతో బాబూ," అని, మూస మీదికి వంగింది. "నా కొడుకుని పిలిసే గంట మిమ్మల్నీ పిలుస్తాది. వచ్చి నా ఇంట ఇంత గంజి తాగండి."

ముఖాలు కళ్ళు మూసుకున్నాయి. కరిగిపోయాయి.

అచ్చు పగలగొట్టి, వేడి చల్లారకముందే గంటని దిబ్బకెత్తారు. ఈసారి మోగింది! రా... రా... అని, అచ్చం తల్లి పిలిచినట్టు.

ఎర్రయ్య పడవ ఒడ్డు తాకింది. వాడొక్కడే దిగాడు. వాడి వెనక ఇసుకలో తడి అడుగులు పడుతూనే ఉన్నాయి, గుడిసె దాకా.

"అమ్మా, నా యెనక ఎవులే?"

"సుట్టాల్రా. యెనక్కి సూడకు. గంజి కుండ దించు."

కుండని ఎవరూ ముట్టలేదు. కుండ ఖాళీ అయింది.

మంచు పట్టినప్పుడల్లా గంట మోగేది. అసిరమ్మ కుండ దించేది. ఆవిడ పోయిన రోజు ఎవరూ కొట్టకుండానే గంట మోగింది. పాడె మోసింది నలుగురే. అడుగులు మాత్రం ఒడ్డు పొడుగునా.

ఇప్పటికీ ఆ ఒడ్డున మంచు పట్టిందంటే, మొదటి ముంత గంజి గడప బయట పెడతారు. "అసిరమ్మ సుట్టాలూ, తాగి పొండి" అని, వెనక్కి చూడకుండా లోపలికొస్తారు.

తెల్లారి చూస్తే ముంత ఖాళీ. అంచుకి ఉప్పు.