రెండో సీసా

చెంగల్రాయుడు పదకొండు రోజులుగా ఒక మాటను గొంతులోనే అట్టిపెట్టుకుని తిరుగుతున్నాడు.

అతను విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో పనిచేస్తున్నాడు. చిత్తూరు జిల్లా నుంచి వచ్చినవాడు. ఎనిమిదేళ్ల కిందట డాక్టర్ కరుణమ్మగారి దగ్గర శిష్యుడిగా చేరాడు. మన రక్తంలో రోగాలతో పోరాడే తెల్లకణాలుంటాయి కదా, వాటిలోకి ఒక కొత్త జన్యువును పంపించి, క్యాన్సర్ ఎక్కడ దాక్కున్నా పసిగట్టి చంపేలా వాటిని తయారుచెయ్యడం ఆ ల్యాబులో పని.

చేరిన ఐదో ఏట రాయుడి ప్రయోగం ఫలించింది. క్యాన్సర్ గడ్డలున్న ఎలుకలకు అతను తయారుచేసిన కణాలు ఎక్కిస్తే మూడు వారాల్లో గడ్డలు కరిగిపోయాయి. ఎక్కించని ఎలుకల్లో గడ్డలు పెరిగాయి. ఒక గీత పైకి, ఒక గీత కిందికి. ఆ బొమ్మ పెద్ద సైన్సు పత్రికలో అచ్చయింది. సభల్లో అది తెరమీద కనబడగానే జనం చప్పట్లు కొట్టేవాళ్లు. మొదట్లో అతనికి సిగ్గేసేది. తర్వాత్తర్వాత, చప్పట్లు ఎక్కడ వస్తాయో చూసుకుని అక్కడ మాట ఆపడం నేర్చుకున్నాడు.

హైదరాబాదులో ఒక ఆసుపత్రి ఆ పేపరును నమ్ముకుని అలాంటి కణాలను మనుషులకు ఎక్కించడానికి అనుమతులు తెచ్చుకుంది. బెంగళూరులో ఒక సంస్థ, జూన్ నుంచి వచ్చి సొంత ల్యాబు పెట్టుకోమని రాయుణ్ని పిలిచింది.

ఇంతలో ఇది జరిగింది.

కొత్త ప్రయోగం కోసం పాత నోటుపుస్తకం తిరగేస్తుంటే ఒక పేజీ దగ్గర అతని వేలు ఆగింది. ఎలుకలకు గడ్డలు రావాలంటే ముందు క్యాన్సర్ కణాలు ఎక్కించాలి. అన్నిటికీ ఒకే సీసాలోవి ఎక్కించాలి. ఆ రోజు మొదటి సీసా సగం ఎలుకలకే సరిపోయింది. అతను ఫ్రీజరులోంచి రెండో సీసా తీశాడు. తన చేతిరాతే. మొదటి సీసా ఎలుకలన్నీ అతని కణాలు ఎక్కించని గుంపులో పడ్డాయి. రెండో సీసా ఎలుకలన్నీ అతని కణాలు ఎక్కించిన గుంపులో పడ్డాయి.

ఏం కాదులే అనుకున్నాడు. అయినా మనసు ఊరుకోలేదు. రెండో సీసా రకం క్యాన్సర్ కణాలు ఇంకా మిగిలుంటే ఆరు ఎలుకలకు ఎక్కించి, వైద్యమేమీ చెయ్యకుండా వదిలేశాడు. గడ్డలు లేచాయి. మూడో వారంలో వాటంతటవే కరిగిపోయాయి.

మళ్లీ చేశాడు. మళ్లీ కరిగిపోయాయి.

మొదటి సీసా రకం గడ్డలున్న ఎలుకలకు తన కణాలు ఎక్కించి చూశాడు. గడ్డలు పెరుగుతూనే పోయాయి.

అంటే, ఆ రోజు గడ్డలను కరిగించింది అతని కణాలు కాదు. రెండో సీసాలోని క్యాన్సరే బలం లేనిది.

అది తెలిసి పదకొండు రోజులైంది. బెంగళూరు నుంచి ఫోనొస్తే ఎత్తడం మానేశాడు. మెస్సులో కంచం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి లేచిపోతున్నాడు.

పన్నెండో రోజు శుక్రవారం. సాయంత్రం నాలుగింటికి కరుణమ్మగారి గది తలుపు తట్టాడు.

ఆవిడ చీరాల మనిషి. నూలు చీర మీద ల్యాబు కోటు వేసుకుని, బల్లమీద పాత పేపరు పరుచుకుని తాటి తేగలు ఒలుస్తున్నారు.

"రా నాయనా, కూర్చో. తేగ తింటావా?"

"వద్దు మేడమ్."

"చలి తగ్గితే మళ్లీ దొరకవు," అంటూ ఒకటి నిలువునా చీల్చి అతని చేతిలో పెట్టారు.

రాయుడు అది పట్టుకునే కూర్చున్నాడు. వచ్చేముందు మాటలన్నీ కూడబలుక్కున్నాడు.

"మేడమ్, ఒకటి అడగాలి. ఎవరైనా తమ పాత పనిలో ఒక పొరపాటు చూసుకున్నారనుకోండి. ఈలోగా అంతకంటే మంచి పని చేతిలో ఉందనుకోండి. ఆ మంచిది బయటికొస్తే పాతదాన్ని ఎవరూ పట్టించుకోరు. అలాంటప్పుడు పాతదాన్ని కెలకడం అవసరమా?"

ఆవిడ తేగ మీది పొర తీస్తూనే అడిగారు. "ఎవరైనా అంటే?"

రాయుడు తల దించుకున్నాడు.

"నేనే మేడమ్."

అక్కణ్నుంచి దాచుకోలేదు. నోటుపుస్తకం తెరిచి చూపించాడు. కొత్త ఎలుకల కొలతల కాగితాలు పక్కన పెట్టాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చదివారు. చాలాసేపు పట్టింది. బయట నడవలో ఎవరో నవ్వుకుంటూ వెళ్లారు.

"హైదరాబాదులో మొదటి మనిషికి ఎప్పుడు?" అని అడిగారు.

"సోమవారం నుంచి మొదలుపెడతారు మేడమ్."

"నీ కొత్త పని బయటికి రావాలంటే?"

"ఎనిమిది నెలలు."

"ఈలోగా ఎంతమందికి ఎక్కిస్తారు?"

రాయుడికి ఆ అంకె తెలుసు. తొమ్మిది. 

కరుణమ్మగారు లేచారు. కొళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఇక చీవాట్లు మొదలవుతాయని రాయుడు ఎదురుచూశాడు. ఆవిడ రెండు వేళ్లతో టైపు చెయ్యడం మొదలుపెట్టారు.

అతను వెనక నిలబడి చదివాడు. చిన్న ఉత్తరం. మేము అచ్చువేసిన ఫలితం తప్పు. అది ఎలా జరిగిందో ఈ కింద రాస్తున్నాం. దయచేసి ఆ కణాలను ఎవరికీ ఎక్కించవద్దు. మా పేపరును వెనక్కి తీసుకుంటున్నాం. ఒక ప్రతి ఆసుపత్రికి, ఇంకోటి ఆ పత్రిక సంపాదకులకు.

కింద తన పేరు టైపు చేశారు. దాని కింద ఒక వరుస జాగా వదిలి కుర్చీలోంచి లేచారు.

ఆ రంగంలో ఒక పద్ధతుంది. పని చేసినవాళ్ల పేరు ముందు, గురువు పేరు చివర. పేపరులో మొదటి పేరు రాయుడిది, ఆఖరి పేరు ఆవిడది. ఇంకో రెండు నెలల్లో ఆవిడ రిటైరవుతున్నారు. సన్మానసభకు కార్డులు కూడా అచ్చయ్యాయి.

"మేడమ్, ఆ సీసా తీసింది నేను. మీకు తెలియను కూడా తెలియదు. మీ పేరు ముందు ఎందుకు?"

"ఆ పేజీ కింద సంతకం ఎవరిది?"

రాయుడు నోటుపుస్తకం వైపు చూశాడు. పేజీ అడుగున, పచ్చసిరాతో, మూడేళ్ల నాటి తేదీ వేసి ఆవిడ సంతకం ఉంది. ఇన్ని రోజుల్లో ఆ పేజీ వందసార్లు చూశాడు. ఆ సంతకం ఒక్కసారి కూడా కంటబడలేదు.

"కూర్చో. నీ పేరు రాయి," అన్నారు ఆవిడ.

కూర్చున్నాడు. సొంత పేరు రాయడానికి రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకున్నాడు. పంపించాడు.

అరగంట కూడా కాలేదు, ఆసుపత్రి నుంచి డాక్టర్ సాదిక్ ఫోన్ చేశాడు. ఆ వైద్యమంతా అతని చేతిమీదుగా జరగాల్సింది. కరుణమ్మగారు స్పీకరు పెట్టారు. 

"పేషెంటు ఇక్కడే ఉన్నాడు మేడమ్. లింగయ్య అని, లారీ డ్రైవరు. కణాలు ఎక్కించేముందు ఒంట్లో ఉన్న రక్షణశక్తినంతా మందులతో దించెయ్యాలి కదా. సోమవారం పొద్దున ఆ మందులు మొదలుపెట్టేవాళ్లం."

"ఇప్పుడేం చేస్తారు?"

"ఆపేశాను. వేరే మందు ఒకటుంది. అంత గొప్పది కాదు గానీ కొంతమందికి బాగానే పనిచేస్తుంది. మీ కణాలున్నాయి కదాని దాన్ని పక్కన పెట్టాం. రేపే అది మొదలుపెడతాను." కొంచెం ఆగి అన్నాడు. "ఈ ఉత్తరం మంగళవారం వచ్చుంటే నేనేం చేసేవాణ్ని మేడమ్?"

కరుణమ్మగారు రాయుడి వైపు చూశారు.

"లింగయ్యగారికి నేను చెబుతాను సార్," అన్నాడు రాయుడు.

మర్నాడు ఫోన్లో చెప్పాడు. దాచకుండా, మెత్తటి మాటలు వెతుక్కోకుండా చెప్పాడు. లింగయ్య మొత్తం విన్నాడు.

"గంతేనా సారూ. బ్రేకులు సక్కగ లేవని బండి ఎక్కకముందే జెప్పిన్రు. ఎక్కినంక జెప్తే ఏం ఫాయిదా?" అన్నాడు. తర్వాత, "ఈ కొత్త మందు ఎక్కిస్తే అన్నం సయిస్తదా?" అని అడిగాడు.

"మూడు నాలుగు రోజులు సయించకపోవచ్చు. తర్వాత సయిస్తుంది."

"గట్లయితే మంచిదే."

ఆ మధ్యాహ్నం రాయుడు మెస్సులో రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. వడ్డించేవాడు వింతగా చూశాడు.

పేపరు వెనక్కి పోయింది. పత్రిక వాళ్లు ఆ ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేశారు. బెంగళూరు వాళ్లు మర్యాదగా, మూడే మూడు వాక్యాల్లో, ల్యాబు సంగతి ఇప్పుడు వద్దన్నారు. నడవలో కొందరు రాయుణ్ని చూసి ఫోన్లోకి తల దూర్చేవారు. మొదట్లో గుచ్చుకునేది. కానీ పొద్దున లేచేసరికి గుండెల మీద ఉండే బరువు ఇప్పుడు లేదు. అది లేకపోవడం అతనికి రోజూ కొత్తగానే ఉండేది.

సన్మానసభలో సగం కుర్చీలు ఖాళీ. కరుణమ్మగారు మైకు దగ్గరికి వచ్చి, వెనక కూర్చున్నవాళ్లందరినీ ముందు వరుసల్లోకి రమ్మని పిలిచారు. అందరూ లేచి దగ్గరికొచ్చి కూర్చున్నారు. సభ నిండుగానే కనబడింది. అదే రోజు హైదరాబాదు నుంచి సాదిక్ కబురు పెట్టాడు. లింగయ్య మెడ కింద గడ్డలు సగానికి తగ్గాయి, ఇంటికి పంపిస్తున్నాం అని.

మర్నాడు ఆవిడ గది ఖాళీ చేస్తున్నారు. పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతుంటే రాయుడు వచ్చాడు. చేతిలో ఒక కాగితం. పొద్దునే వచ్చిన మెయిలు, అచ్చు తీసి తెచ్చాడు.

"ఏమిటది?"

"చదవండి మేడమ్."

వరంగల్లు నుంచి రాసింది. గుగులోతు సంయుక్త అని ఒక పరిశోధక విద్యార్థిని.

'సార్, రెండేళ్లుగా మీ ప్రయోగం నాకు రావడం లేదు. నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ నా ఎలుకల్లో గడ్డలు పెరిగాయి. నా చేతులు ఈ పనికి పనికిరావని మా గైడు అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. చదువు మానేస్తున్నట్టు పోయిన వారం కాగితం రాసి సంచిలో పెట్టుకున్నాను. నిన్న మీ ఇద్దరి ఉత్తరం చదివాను. కాగితం చించేశాను. థాంక్స్ సార్.' అడుగున ఫోను నంబరు.

కరుణమ్మగారు చదివి, పెట్టె మీద కూర్చుని, ఇంకోసారి చదివారు.

"ఇలాంటి మనిషి ఒకరు ఉంటారని నాకు తట్టనేలేదు మేడమ్," అన్నాడు రాయుడు. "నన్ను తిట్టాల్సింది పోయి థాంక్స్ చెప్పింది."

"నాలుగుసార్లు చేసిందా?"

"నాలుగుసార్లు."

ఆవిడ కాగితం మడిచి అతనికి తిరిగిచ్చారు.

"నాలుగుసార్లూ సరిగ్గా చేసింది. ఆ మాట ఇప్పటిదాకా ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు."

రాయుడు వరండాలోకి వెళ్లి ఆ నంబరు కలిపాడు. రెండు రింగులకే ఎత్తారు.

"హలో, ఎవరండీ?"

"నేను చెంగల్రాయుణ్నమ్మా, విశాఖపట్నం నుంచి. మీరు చేసిన ప్రయోగం సరైనది. నాలుగుసార్లూ సరైనదే."

"నాలుగుసార్లూనా సార్?" అంది సంయుక్త. "నాలుగుసార్లూనమ్మా," అన్నాడు రాయుడు.