పదివేల ఒక్క చింతగింజలు

అనగనగా ఒక రాజు. మా అమ్మమ్మకు వాళ్ల అమ్మమ్మ చెప్పిన రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ముగ్గురికీ రాణిగారే చింతగింజలతో లెక్కలు నేర్పింది. గింజల్ని సమానమైన వరసల్లో పేర్చడమే ఆట.

"ఎలా పేర్చినా ఇమడకపోతే అది ఒంటి సంఖ్య నాన్నా. కానీ చివరిదాకా చూడకుండా దేన్నీ ఒంటిదనకు," అనేది. పెద్దవాళ్లిద్దరూ ఆ మాట పూర్తికాకుండానే తుర్రుమనేవారు. చిన్నవాడు మణికేతుడు మాత్రం అమ్మ పక్కనే కూర్చునేవాడు.

ఒకనాడు కరాళుడనే మాంత్రికుడు పొరుగు రాజు కూతురు హేమలేఖను ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. ఆమెను తెస్తానని పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. "నా బిడ్డల్ని తీసుకురా నాయనా," అని రాణి మణికేతుణ్ణి సాగనంపింది.

అతను ఏడు సముద్రాలూ దాటాడు. దారిలో అలల్లో కొట్టుకుపోతున్న చీమల దండును పడవలోకి ఎక్కించుకున్నాడు.

మాంత్రికుడి తోటలో అన్నలిద్దరూ రాళ్లై నిలబడి ఉన్నారు. పక్కనే పంజరంలో చిలక, ఆ చిలకలో మాంత్రికుడి ప్రాణం. పంజరం ముందు చింతగింజల కుప్ప.

"పదివేల ఒక్క గింజ. పొద్దుగూకేలోగా సమానంగా పేరిస్తే పంజరం తెరుచుకుంటుంది. లేదంటే నువ్వూ రాయే. అన్నీ ఒకే వరసలో పెట్టినా, వరసకొకటే పెట్టినా చెల్లదు," అన్నాడు కరాళుడు. "మీ పెద్దన్న రెండేసి పేర్చి, ఒకటి మిగలగానే చేతులెత్తేశాడు. రెండోవాడు నాలుగేసి, ఆరేసి, ఎనిమిదేసి పేర్చేలోగా పొద్దుగూకింది."

మణికేతుడికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండేసి ఇమడనిది నాలుగేసి ఎలా ఇముడుతుంది? అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో!

"ఎన్నేసో నువ్వు చెప్పు, మేం పేరుస్తాం," అంది చీమల పెద్ద.

"మూడేసి!" రెండు మిగిలాయి. "అయిదేసి!" ఒకటి మిగిలింది. "ఏడేసి!" అయిదు మిగిలాయి. అలా డెబ్బై ఒకటి దాకా వచ్చేసరికి పొద్దు గూకబోతోంది.

"ఊరుకోవయ్యా, అది ఒంటి సంఖ్యే," అని మాంత్రికుడు ఆవలించాడు. "నేనూ డెబ్బై ఒకటి దాకా చూశాను. విసుగొచ్చింది."

"వంద దాకా చూడాలి. వంద వందలు పదివేలు కదా. వరసకు వంద దాటితే వరసలు వందలోపే ఉంటాయి. మా అమ్మ చెప్పింది," అన్నాడు మణికేతుడు. "చీమలూ, డెబ్బై మూడేసి!"

చీమలు కదిలాయి. నూట ముప్పై ఏడు వరసలయ్యాయి. కుప్పలో ఒక్క గింజ మిగల్లేదు.

పంజరం తెరుచుకుంది. చిలక ఎగిరిపోయింది. ప్రాణం పోతోందని మాంత్రికుడు దాని వెనకే లగెత్తాడు, ఇప్పటికీ లగెత్తుతూనే ఉన్నాడట. అన్నలు ఒళ్లు విరుచుకుని లేచారు, హేమలేఖ మేడ దిగి వచ్చింది. ఇంటికి చేరిన ముగ్గురు బిడ్డల్నీ ఒక్కసారే చూసిన రాణి మణికేతుడి తల నిమిరింది. అతను హేమలేఖను పెళ్లాడి నూరేళ్లు చల్లగా ఏలాడు. కొలువు కాగానే పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని గింజలు పోసేవాడు.

మా అమ్మమ్మా అలాగే పోసేది. నేనేమో కథ అవగానే లేచి పారిపోయేదాన్ని. ఇంకాసేపు కూర్చోవలసింది. ఆమె గింజల డబ్బా ఇదిగో, నా ఒళ్లోనే ఉంది. జరగండర్రా, రెండేసి మొదలెడదాం.