మెట్ల మీద మాట

దక్షిణామూర్తి మేష్టారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. విమానాల మరమ్మతులో తల నెరిసి, రిటైరయ్యాక ఆ పనే నేర్పే బడిలో పాఠాలు చెప్పుకుంటున్నారు. పాత శిష్యులెవరైనా సందేహంతో వస్తే ముందు కూర్చోమంటారు, ఆ పైన దానికీ దీనికీ సంబంధమేమిటనిపించే సంగతి ఒకటి ఎత్తుకుంటారు. అది పూర్తయ్యేసరికి శిష్యుడికి జవాబు దొరుకుతుందని చెప్పలేం గానీ, తెచ్చుకున్న ప్రశ్న మాత్రం తెచ్చుకున్నట్టు ఉండదు.

ఒక ఆదివారం ఆయన దగ్గరికి కుసుమ వచ్చింది. ఆమె ఒక చిన్న విమానాశ్రయంలో మెకానిక్కుల మీద అధికారి. అక్కడికి వచ్చే కెప్టెన్లలో ఒకడు చీమ చిటుక్కుమన్నా లోపమని రాసిపెడతాడట. అతను రాస్తే మెకానిక్కులు చూడాలి, చూస్తే ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే పైనుంచి చీవాట్లు వీళ్ళకే. వీళ్ళు అతన్ని చాదస్తుడంటారు, అతను వీళ్ళను సోమరిపోతులంటాడు. రెండు వర్గాల మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. ఆ కెప్టెన్‌ను మరో ఊరికి మార్పించమని మెకానిక్కులంతా ఏకమై ఆమెను పట్టుకున్నారు. ఆమె ఒక్క మాట చెబితే పైవాళ్ళు మార్చేస్తారు. మర్నాడే చెప్పాలి.

"వీళ్ళకు సఖ్యత కుదరాలంటే నేనేం చెయ్యాలి మేష్టారూ?" అని అడిగింది.

"సఖ్యత కుదిరిన చోటు ఒకటి నేను చూశాను, కూర్చో" అన్నారాయన.

అది సముద్రం ఒడ్డున మరో చిన్న విమానాశ్రయం. అక్కడ జిలానీ అని ఒక మెకానిక్కు ఉండేవాడు. పనిమంతుడే గానీ నోరు ఊరుకోదు. ప్రతి విమానంలోనూ ఒక లాగ్‌బుక్కు ఉంటుంది. ఎగురుతుండగా కనబడిన లోపాన్ని కెప్టెన్ అందులో రాయాలి, దాన్ని సరిచేసి మెకానిక్కు కింద సంతకం పెట్టాలి. ఆ సంతకం పడందే విమానం కదలడానికి వీల్లేదు. భార్గవ అనే కెప్టెన్ ఏ చిన్నదీ వదలకుండా రాసేవాడు. జిలానీ అతనికి 'కరణంగారు' అని పేరు పెట్టాడు. ఒకసారి భార్గవ "సీటు కింద ఏదో శబ్దం" అని రాస్తే, జిలానీ కింద "శబ్దాన్ని పలకరించాం, బదులు పలకలేదు" అని రాసి సంతకం గీకాడు. మర్నాడు భార్గవ "మళ్ళీ పలికింది, ఈసారి మీ పేరు పెట్టి" అని రాశాడు. ఇద్దరూ ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవారు. అయినా శబ్దమెక్కడిదో పట్టుకునేదాకా జిలానీకి అన్నం సయించేది కాదు. కరణంగారి చేత మూడోసారి రాయించుకోవడం కన్నా సీటు మొత్తం ఊడదీయడం నయమనుకునేవాడు.

అలా సాగుతుండగా భార్గవ భార్య ఆ ఊళ్ళోనే ప్రసవించింది. పుట్టింటివాళ్ళు రాలేని పరిస్థితి, అతనేమో రోజూ ఆకాశంలో. సంగతి విని జిలానీ భార్య మెహరున్ ఒక్కతే ఆ ఇంటికి వెళ్ళింది. పగ మగాళ్ళది, పథ్యం ఆడవాళ్ళది అనుకుంది కాబోలు. వెల్లుల్లికారం, మెత్తటి అన్నం వండి క్యారియర్లో పెట్టి, బాలింత లేచి తిరిగేదాకా పూట తప్పకుండా పంపింది. పసిబిడ్డకు నలుగు పెట్టి నీళ్ళు పోసింది. ఆ తర్వాత భార్గవ జిలానీతో ఏం పోట్లాడతాడు? ఇద్దరూ ఒకే గ్లాసులో టీ పంచుకునేంత దగ్గరయ్యారు. చూసినవాళ్ళకు కడుపు నిండింది.

అప్పటినుంచి భార్గవ లాగ్‌బుక్కు తీసేవాడు, జిలానీ మొహం గుర్తొచ్చేది, మళ్ళీ మూసేసేవాడు. రాస్తే ఆలస్యం, దాని సంజాయిషీ జిలానీ ఇచ్చుకోవాలి. పైగా జిలానీకి ప్రమోషన్ రాబోతోంది. అందుకని విమానం దిగుతూ మెట్ల మీద నోటిమాటగా చెప్పేవాడు. కుడివైపు దీపం వెలగడం లేదు, వీలున్నప్పుడు చూడమనేవాడు. జిలానీ కూడా నమ్మకంగా చూసేవాడు. ఎప్పుడైనా కుదరకపోతే ఈ పూటకు సర్దుకోండి కెప్టెన్ గారూ అనేవాడు, ఆయన సర్దుకునేవాడు. ఆలస్యాలు తగ్గాయి. లాగ్‌బుక్కు పెళ్ళికూతురి బుగ్గలా మచ్చ లేకుండా ఉంది. పైవాళ్ళు ముచ్చటపడి ఆ ఊరికి ఒక షీల్డు కూడా ఇచ్చారు. మొహమాటం గురించి మనవాళ్ళకు ఒక మోటు సామెత ఉంది. మేష్టారు ఆడపిల్ల ముందు దాన్ని మింగేసి, కథ ముందుకు నడిపారు.

ఒక సాయంత్రం వానలో దిగుతూ భార్గవ, నేలమీద పరుగెత్తేటప్పుడు ముందు చక్రం కాస్త వణుకుతోంది జిలానీ, అన్నాడు. పొద్దున్నే చూస్తానన్నాడు జిలానీ. తెల్లారేసరికి కొడుకుకు ఒళ్ళు కాలిపోతోంది. సెలవు పెట్టి ఆస్పత్రికి పరుగెత్తాడు. బదులు వచ్చిన మెకానిక్కు ఫోన్ చేసి విమానం సంగతేమిటని అడిగితే, బిడ్డను చంకన వేసుకున్న కంగారులో జిలానీ అంతా బాగానే ఉందన్నాడు. ఆ బదులు మెకానిక్కు లాగ్‌బుక్కు చూశాడు. అందులోనూ అంతా బాగానే ఉంది.

ఆ పూట విమానం నడిపింది నవనీత అనే అమ్మాయి. కొత్తగా కెప్టెన్ అయింది, కెప్టెన్ గుర్తుగా భుజం మీద వేసిన నాలుగో గీత ఇంకా మెరుస్తోంది. అవతలి ఊళ్ళో దిగేటప్పుడు ముందు చక్రం విపరీతంగా కొట్టుకుని, విమానం దారి తప్పి గడ్డిలోకి పోయింది. ప్రాణాలు పోలేదు గానీ, ఒక ముసలాయన చెయ్యి విరిగింది.

విచారణ వేశారు. అందులో మేష్టారూ ఒక సభ్యులు. వణుకు ముందునుంచీ ఉందా, ఆ దిగడంలోనే చక్రం దెబ్బతిందా అన్నది యంత్రాల లెక్కల్లో తేలలేదు. ముందురోజు నడిపిన భార్గవను పిలిస్తే, తనకు ఏ వణుకూ తెలియలేదన్నాడు. జిలానీ ఆ మాట విన్నాడు. తన కోసమే ఆయన అబద్ధమాడాడని తెలుసుకుని, కళ్ళు చెమర్చి, ఆయన పరువు కోసం తనూ ఆడాడు. నాకెవరూ ఏమీ చెప్పలేదన్నాడు. ఇక మిగిలింది నవనీత. విమానాన్ని నేలకేసి కొట్టినట్టు బరువుగా దించిందని, ఆమె గీత తీసేయాలని నిర్ణయం దాదాపు అయిపోయింది.

జిలానీ బయటికి వచ్చాడు. వరండాలో బెంచీ మీద నవనీత కూర్చుని ఉంది. పోట్లాడుతుందేమోనని అతను తల వంచుకున్నాడు. ఆమె లేచి నిలబడి, తన చేతుల్ని చూసుకుంటూ నెమ్మదిగా అడిగింది.

"దెబ్బతిన్న చక్రాన్ని విచారణలో మీరూ చూశారుగా జిలానీ గారూ. నిజంగా నా చెయ్యి అంత బరువుగా పడిందా?"

తప్పు తనదేనని ఆ పిల్ల అప్పటికే నమ్మడం మొదలుపెట్టింది. రేపటినుంచి సరిగ్గా దించినప్పుడు కూడా ఆ చేతిని తనే నమ్మదు. జిలానీ తిన్నగా భార్గవ దగ్గరికి వెళ్ళి, నిజం చెప్పేద్దాం అన్నాడు.

"మీ ఇంటి అన్నం తిని నీ పేరు బయటపెట్టమంటావా? నా వల్ల కాదు" అన్నాడు భార్గవ. ఆ మాటలో కపటం లేదు. మంచివాళ్ళ మంచితనం ఎవరో ఒక ముక్కూమొహం తెలియనివాళ్ళ నెత్తిన పడుతుందని ఆయనకు తోచలేదంతే.

జిలానీ ఒక్కడే తిరిగి లోపలికి వెళ్ళాడు. కెప్టెన్ గారు మెట్ల మీద నాతో చెప్పారు, నేను మరిచిపోయాను, అన్నాడు. నవనీత గీత నిలిచింది. జిలానీ ప్రమోషన్ పోయింది, కొన్నాళ్ళు సంతకం పెట్టే హక్కూ పోయింది. భార్గవను విమానం నడపనివ్వకుండా కొంతకాలం కూర్చోబెట్టారు. నిండు సభలో తనను అబద్ధాలకోరును చేశాడని జిలానీ మీద ఆయన మనసు విరిగిపోయింది. మెహరున్ తను నీళ్ళు పోసిన ఆ బిడ్డను చూడాలని వెళితే తలుపు తీయలేదు. అది మాత్రం అన్యాయమే అన్నారు మేష్టారు.

చాలాకాలానికి ఇద్దరూ మళ్ళీ పనిలో చేరారు. మొదటి రోజు భార్గవ మెట్లు దిగి, కింద నిలబడ్డ జిలానీని గోడను దాటినట్టు దాటి వెళ్ళిపోయాడు. జిలానీ లోపలికి వెళ్ళి లాగ్‌బుక్కు తీస్తే పేజీ నిండా లోపాలు. కాఫీ కప్పు పెట్టుకునే చోట మర వదులైందన్నది కూడా వదల్లేదు. జిలానీ ఒక్కొక్కటే సరిచేశాడు. మర బిగిస్తుంటే అతనికి ఏడుపు ఆగలేదట. ఎందుకో తనకే తెలియదని తర్వాత మేష్టారితో అన్నాడు.

అక్కడ ఆగిన మేష్టారిని కుసుమ అడిగింది.

"తర్వాతైనా కలిశారా మేష్టారూ?"

"లేదమ్మా. ఇప్పటికీ పలకరింపుల్లేవు."

మరి రేపు పైవాళ్ళకు నన్నేం చెప్పమంటారని ఆమె అడగబోయింది. మేష్టారు వినిపించుకోనట్టే లేచి, గోడకున్న క్యాలెండరు దగ్గరికి వెళ్ళారు.

"వచ్చే నెల మా మనవరాలు మీ ఊరు రావాలంటోంది. మీ కెప్టెన్ ఏ రోజుల్లో నడుపుతాడో కనుక్కుని చెప్పు. ఆ రోజుకే టిక్కెట్టు కొంటాను" అన్నారు.