ఉప్పుమడుల ఊరి కళ్ళు

ఈ ఊళ్ళో అందరి కళ్ళూ ఒకే తీరుగా ఎందుకు వంగి ఉన్నాయో సాల్మన్‌కు అంతుపట్టడం లేదు.

సముద్రం ఒడ్డున, ఉప్పుమడుల మధ్య ఉన్న చిన్న కంటి ఆసుపత్రి అది. చదువు ముగించుకుని, ఖాజా మొహిద్దీన్ డాక్టరుగారి దగ్గర పని నేర్చుకోడానికి వచ్చాడతను. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, కార్నియా, ఎంత వంపు తిరిగి ఉందో కొలవడం అతని పని. యంత్రంలోంచి కంటి మీద ఒక వెలుగు వలయం పడుతుంది. కార్నియాలో కనిపించే దాని ప్రతిబింబాన్ని బట్టి అడ్డంగా ఎంత వంపో, నిలువుగా ఎంత వంపో చెప్పాలి.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా! వైద్య శిబిరాలకు వెళ్ళి కనిపించిన కన్నల్లా కొలిచాడు. ముసలివాళ్ళ రెప్పలు వాలిపోయి ఉన్నా వదిలేవాడు కాదు. ఎవరికైనా సరే, ఎడమచేతి బొటనవేలితో పైరెప్ప ఎత్తిపట్టి మరీ కొలిచేవాడు. ఎవరిని కొలిచినా అడ్డం కంటే నిలువు వంపే ఎక్కువ వచ్చేది.

ఆలోచించగా ఆలోచించగా కారణం దొరికింది. తెల్లటి ఉప్పు మీద ఎండ మిరుమిట్లు గొలుపుతుంటే జనం కళ్ళు చికిలించుకుని పనిచేస్తారు. ఏళ్ళ తరబడి రెప్పలు నొక్కీ నొక్కీ కార్నియాలే వంగిపోయాయి! ఇది లోకానికి చాటాల్సిన సంగతే అనుకున్నాడు. ఏనుగెక్కినంత సంబరం.

ఆ సంబరంలోనే పోలేరమ్మ కన్ను కొలిచాడు. ఉప్పు ఎత్తీ ఎత్తీ నడుం వంగిన మనిషి. శుక్లం తీసి లెన్సు పెట్టాలి. అతని కొలతను నమ్ముకుని ఒకరి కంట్లో లెన్సు పెట్టబోవడం ఇదే మొదలు.

"నిలువు వంపు బాగా ఎక్కువుంది సార్. దాన్ని సరిచేసే ప్రత్యేకమైన లెన్సు తెప్పించాలి," అంటూ తను కనిపెట్టిన కారణం కూడా పూసగుచ్చినట్టు చెప్పాడు.

డాక్టరుగారు శ్రద్ధగా విన్నారు. "లేని వంకరకి ఆ లెన్సు పెడితే?"

"ఉన్న చూపు వంకరపోతుంది సార్. కానీ ఈవిడకి ఉంది కదా!"

"బావుంది. ఏదీ, నా కన్ను కూడా ఓసారి చూడు."

ఆయన యంత్రం ముందు కూర్చుని గడ్డం ఆనించారు. వయసు మీదపడి ఆయన రెప్పలూ వాలే ఉన్నాయి. సాల్మన్ అలవాటుగా రెప్ప ఎత్తిపట్టి కొలిచాడు. నిలువే ఎక్కువ.

"మాది కడప. నేనెప్పుడైనా ఉప్పు పని చేశానా సాల్మన్?"

"లేదు సార్."

"మరి నా కంటికేమైంది?"

సాల్మన్ మళ్ళీ యంత్రంలోకి తొంగిచూశాడు.

"ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని మళ్ళీ కొలువు," అన్నారాయన.

"రెప్ప అడ్డం వస్తుంది సార్."

"రానీ."

సాల్మన్ ఆగాడు. కాసేపటికి డాక్టరుగారు తనంతట తనే కనుబొమలెత్తి కన్ను తెరిచారు. అడ్డం, నిలువు దాదాపు సమానం. నమ్మలేక మళ్ళీ చూశాడు. అంతే.

జేబులోంచి చెయ్యి తీసి, బొటనవేలిని తన పైరెప్ప మీదే పెట్టుకుని మెల్లగా ఎత్తి చూసుకున్నాడు. వేలి కింద కనుగుడ్డు మెత్తగా అణిగింది.

చెవులు వేడెక్కాయి. మరుక్షణం పోలేరమ్మ గుర్తొచ్చింది. పరుగున వెళ్ళి, బస్సు వేళయిందని చెప్పులేసుకుంటున్న ఆవిణ్ణి బతిమాలి వెనక్కి తీసుకొచ్చాడు.

"అమ్మా, ఈసారి మీరే కన్ను బాగా తెరవండి. తొందరేం లేదు."

"ఇందాకే అడిగుంటే ఇందాకే తెరిసేదాన్ని గదయ్యా!" అని నవ్విందావిడ.

కన్ను తీరుగానే ఉంది. మామూలు లెన్సు చాలు.

ఆవిడ వెళ్ళిపోయాక సాల్మన్ యంత్రం మీద గుడ్డ కప్పాడు. సిగ్గు తగ్గింది గానీ సందేహం తీరలేదు.

"మరి ఈ ఊరి కళ్ళ సంగతేమిటి సార్?"

"చూద్దాం," అన్నారు డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ. "ఇవాళేగా చూడ్డం మొదలుపెట్టావు."