ఎర్రనీళ్లకు ఎదురెక్కిన తళుకు

"తళుకూ, ఒసే తళుకూ, ఆగవే. అది ఏటి నోరు. అటు వెళ్లకూడదు."

పిలిచింది తాబేలు డొప్పయ్య. ఆగనిది తళుకు అనే పరిగె చేప. దాని కడుపు నిండా గుడ్లు.

అనగనగా మెట్టసీమ దిగువన, తామరాకుల కింద కలలు కంటున్నట్టుండే ఒక సరస్సు ఉండేదర్రా. ఎక్కడో కొండల్లో పుట్టిన ఏరు, ఎర్రమట్టి మెట్టల మీదుగా నడిచి, రాతిమెట్ల మీంచి దూకి, అందులో కలిసేది. తొలకరి పడి ఎర్రనీళ్లు దిగగానే చేపలన్నీ డొప్పయ్య చుట్టూ చేరేవి. ఏరంతా చూసొచ్చినవాడు అతనొక్కడేనని వాటి నమ్మకం. అతను చెప్పేది విని వణికి, సరస్సు బురదలోనే గుడ్లు పెట్టేవి. రెండేళ్లుగా ఆ గుడ్లన్నీ కుళ్లిపోతున్నాయి.

"మొదట ఎర్రనీళ్లు, కళ్లు పోతాయి," అన్నాడు డొప్పయ్య. "తర్వాత రాళ్లు, ఒళ్లు చీరేస్తాయి. ఆ పైన ఏరే ఉండదు, వట్టి ఆకాశం. ఎండి చస్తావు."

"ఇక్కడ మాత్రం బతికాయా తాతా, నా పిల్లలు? పోయిన ఏడు ఒక్క గుడ్డూ పిల్ల కాలేదు. ఈసారి నీ మాట వినను."

"పెద్దంతరం చిన్నంతరం లేదు దీనికి," అని ముసలి జెల్ల చేప సణిగింది.

తళుకు తోక జాడించి ఏట్లోకి దూరింది.

ఎర్రనీళ్లు కళ్లలో గరగరలాడాయి. అది మెట్టనేల మట్టే. కళ్లు పోలేదు.

రాతిమెట్లు వచ్చాయి. నీళ్లు దాన్ని రెండుసార్లు కిందికి విసిరేశాయి. పొలుసులు ఊడాయి. అప్పుడు చూసింది, ప్రతి రాయి వెనకా చేటంత నిలకడ నీరు. అక్కడ ఆగి, ఎగిరి, మళ్లీ ఆగి, పైకెక్కేసింది.

పైన ఏరు ఉంది. గులకరాళ్ల మీద గాజులా పారుతోంది. మబ్బులు దాని పొట్ట కిందే ఈదుతున్నట్టున్నాయి. ఒడ్డున ఎండ్రకాయ ఒకటి కనబడింది.

"మా డొప్పయ్య తాత ఇక్కడికి వచ్చాడటగా? తాబేలు," అనడిగింది తళుకు.

"తాబేలా? మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్నాం. అదెలా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు."

తళుకుకి ఒళ్లు మండిపోయింది. అయినా ముందు గుడ్లు పెట్టింది.

వానలు తగ్గాక చిన్న చిన్న పిల్లల్ని గుంపుగా వెంటేసుకుని దిగివచ్చింది. చేపలన్నీ మూగి చూశాయి.

"తాతా, పైన నిన్నెవరూ ఎరగరు," అంది తళుకు. "వచ్చే తొలకరికి వీళ్లకి ఏటి సంగతి ఎవరు చెప్పాలి? నువ్వా, నేనా?"

డొప్పయ్య తల డొప్పలోకి లాక్కున్నాడు. ఎవరూ కదల్లేదు. తళుకు అసలే కదల్లేదు. చివరికి తల మెల్లగా బయటికొచ్చింది.

"నేనెప్పుడూ వెళ్లలేదమ్మా. మొదటి రాతిమెట్టు కింద ఒక్క పూట ఉండి, భయపడి వచ్చేశాను. అది చెప్పుకోవడానికి సిగ్గేసి మిగతాదంతా అల్లాను. మీ గుడ్లు పోయింది నా వల్లే."

నీతి: ఒకరి భయం గీసిన గీత దగ్గర మనం ఆగిపోకూడదు, వెళ్లి కళ్లారా చూసి తెలుసుకోవాలి.