జంపాలవారి పందికి తామర

నడుపూరులో జంపాలవారిల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చెప్తారు. చెప్పి, అడిగినవాళ్ళు మలుపు తిరిగాక నవ్వుకుంటారు. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. ఇంటిపెద్ద గవర్రాజు, ఆయన భార్య మాణిక్యం, ఆయన తమ్ముడు అబ్బులు. ముగ్గురూ మహా తెలివైనవాళ్ళు. ఆ సంగతి ఊరికి తెలియదు గానీ వాళ్ళకి బాగా తెలుసు.

"ఈ ఊళ్ళో జనం ఒకటి చెప్తే ఇంకోటి చేస్తారే," అనేవాడు గవర్రాజు పేపరు మడుస్తూ. "మనం అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. పైగా ఏదీ రెండోసారి అడగం. రెండోసారి అడిగాడంటే మొదటిసారి బుర్ర పనిచెయ్యలేదనే కదా అర్థం!"

"మరే," అనేది మాణిక్యం. వదిన అంది కాబట్టి అబ్బులు కూడా "మరే" అనేవాడు.

మొన్నటికి మొన్న గవర్రాజు, "పొయ్యిమీద పాలు పొంగుతాయేమో చూస్తూ ఉండవే" అన్నాడు. మాణిక్యం రెప్ప వెయ్యకుండా చూసింది. పాలన్నీ పొంగి, పొయ్యి ఆరి, గిన్నె మాడేదాకా చూసింది. "పొంగాయండీ" అని చెప్పింది కూడా. గవర్రాజు మురిసిపోయి, ఇలాంటి ఇల్లాలు ఎవరికి దొరుకుతుందని ఆ రోజంతా పాలు లేని కాఫీ తాగాడు.

అలాంటి ఇంటికి ఒక ఆదివారం అబ్బులు సంతనుంచి రెండు జంతువుల్ని తెచ్చాడు. గుప్పెడేసి ఉన్నాయి. తోక లేదు. గుండ్రటి కళ్ళు, బొద్దు ఒళ్ళు, కీచుకీచుమని గోల.

"ఏంట్రా ఇవి? ఎలుకలా?"

"కాదన్నయ్యా. గినీ పందులట. సంతలో అతను చెప్పాడు."

మాణిక్యం వాటి బొద్దుతనం చూసి ఎర్రదానికి బూరె అనీ, నల్లదానికి గారె అనీ పేర్లు పెట్టేసింది. గవర్రాజు మాత్రం గెడ్డం గోక్కున్నాడు.

"పంది అన్నాడా?"

"పందే అన్నాడు."

"పందంటే బురద ఉండాలి కదా!"

అంతే. పెరట్లో గుంట తవ్వారు, నీళ్ళు పోశారు, కాళ్ళతో తొక్కి మెత్తటి బురద చేశారు. బూరెనీ గారెనీ అందులో దించారు. అవి గజగజా వణికాయి. ప్రహరీ మీదనుంచి పక్కింటి తాతారావు చూసి లబోదిబోమన్నాడు.

"అయ్యో గవర్రాజు గారూ! అవి పేరుకే పందులండీ! వాటికి తడి పనికిరాదు, ఎండుగడ్డిలో పెట్టండి!"

"విన్నావా మాణిక్యం? పేరుకి పందులట. మరి పేరుకి తగ్గట్టు ఉండొద్దూ?"

తాతారావు తల కొట్టుకుని ప్రహరీ దిగిపోయాడు. ఆ ఇంటి పక్కన ఉన్నాక ఆయనకి అది అలవాటే.

అయితే గవర్రాజుకి బూరె అంటే ప్రాణం. పైకి చెప్పడు. పొద్దున్నే దాన్ని బురదలోంచి తీసి తుడిచి పొట్టమీద కూర్చోబెట్టుకుని పేపరు పైకి చదివేవాడు. అది కొత్తిమీర కాడ నములుతూ వినేది. మధ్యమధ్య కుయ్‌మనేది. ఇంట్లో తన మాటకి 'మరే' అనకుండా ఏదో ఒకటి అనే ప్రాణి అదొక్కటే.

కొన్నాళ్ళకి బూరె ముక్కు పక్కన రూపాయంత మేర వెంట్రుకలు ఊడిపోయాయి. గుండ్రంగా, అంచులు ఎర్రగా, మధ్యలో తవుడు చల్లినట్టు పొట్టు. కాలితో ఒకటే గోక్కుంటోంది.

"బట్టతల," అని తేల్చేశాడు గవర్రాజు, తన బట్టతల నిమురుకుంటూ. "ఆలోచన ఎక్కువైతే వస్తుంది. మనింటి తిండి ఒంటబట్టింది. పేపరు కూడా వింటోందాయె. తెలివి వచ్చేస్తోంది దానికి."

ఆ తెలివి కంటి చుట్టూ పాకింది. చెవి మీదకి పాకింది. వీపు మీద ఇంకో గుండ్రం లేచింది. బూరె కొత్తిమీర వాసన చూసి మొహం తిప్పుకుంది. అప్పుడు గవర్రాజు గుండె జారింది. దాన్ని బుట్టలో పెట్టుకుని ముగ్గురూ పశువుల డాక్టరు ఇందుమతి గారి దగ్గరికి పరిగెత్తారు.

డాక్టరమ్మ బూరెని అటూ ఇటూ తిప్పి చూసింది. గది చీకటి చేసి, మచ్చ మెరుస్తుందేమోనని నీలం దీపం పట్టింది. మచ్చ అంచునుంచి నాలుగు వెంట్రుకలు, కాస్త పొట్టు తీసి చిన్న డబ్బాలో వేసింది.

"నాకు అనుమానంగానే ఉంది. ఈ వెంట్రుకల్ని పరీక్షకి పంపిస్తాను. ఫలితం రాగానే ఫోన్ చేస్తాను."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. పరీక్షా!

ఇంకేముంది, ఇంటికొచ్చి మాణిక్యం కొబ్బరికాయ కొట్టింది. జంపాలవారి వంశంలో ఇప్పటిదాకా ఏ పరీక్షా పాసైనవాడు లేడు. "పాపం, చదువుకోకుండానే పంపించేశాం," అని అబ్బులు బాధపడ్డాడు. ఫోన్ మోగేదాకా ఎవరికీ ముద్ద దిగలేదు.

"గవర్రాజు గారా? పాజిటివ్ వచ్చిందండీ."

"వచ్చిందా! ఫస్టు క్లాసేనా అమ్మా?"

"ఏంటండీ? బాగా గట్టిగానే ఉంది. మళ్ళీ ఒకసారి తీసుకురండి."

అంతే, వీధి వీధంతా లడ్లు పంచారు. తాతారావు లడ్డు చేతిలో పట్టుకుని, "ఏంటండీ విశేషం?" అన్నాడు. "మా బూరె వెంట్రుకలు పరీక్ష పాసయ్యాయండీ," అంది మాణిక్యం కళ్ళు తుడుచుకుంటూ. ఆయన ఆ లడ్డు తినాలో మానాలో తెలియక చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు.

మర్నాడు డాక్టరమ్మ బూరెని బల్లమీద పెట్టి అన్నీ వివరంగా చెప్పింది.

"భయపడకండి. దీనికి తామర వచ్చింది. ఒక రకం బూజు వల్ల వస్తుంది. ఒళ్ళు ఎప్పుడూ పొడిగా ఉంచండి. ఇదిగో ఈ మందు మచ్చమీద, మచ్చ చుట్టూ రోజూ రాయాలి. నాలుగు వారాలు రాయండి. తగ్గినట్టు కనిపించినా ఆపొద్దు. రెండోదాన్ని దూరంగా పెట్టండి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. జాగ్రత్త, ఇది మనుషులకి కూడా అంటుకుంటుంది. అర్థమైందా? ఏమైనా అడగాలా?"

గవర్రాజు నవ్వాడు. "మమ్మల్ని చూస్తే అడిగేవాళ్ళలా కనిపిస్తున్నామా అమ్మా?"

ఇంటికి రాగానే ముగ్గురూ బూరె చుట్టూ కూర్చున్నారు.

"తామర వచ్చిందంది. పువ్వేదీ?" అన్నాడు అబ్బులు.

"ఇంకా మొగ్గేమోరా."

"ఏవండీ, తామర బురదలోనేగా పూసేది! మనం బురద పెట్టడం ఎంత మంచిదైంది!" అంది మాణిక్యం. గుంటలో ఇంకో రెండు బిందెలు పోశారు.

"మరి బూజు సంగతో?" అన్నాడు గవర్రాజు. అంతే, అబ్బులు బూజుకర్ర పట్టుకొచ్చాడు. ఇల్లంతా తిప్పి తిప్పి బూరెని దులిపాడు. అది మంచం కిందకి దూరితే మంచం కింద దులిపాడు. పనిలో పనిగా అదే కర్రతో గారెని కూడా దులిపాడు. దాంతో పొట్టు రేగి అందరిమీదా పడింది.

"తర్వాత పొడి," అన్నాడు గవర్రాజు. "ఒళ్ళు పొడిగా ఉంచమంది. ఏం పొడి ఉంది మనింట్లో?"

అబ్బులు కారప్పొడి డబ్బా తీశాడు. మాణిక్యం లాక్కుంది. "బుద్ధుందా నీకు? పసిప్రాణం, మండదూ? కందిపొడి వెయ్యి." కందిపొడి వేశారు. నెయ్యి లేకుండా కందిపొడేమిటని గవర్రాజు ఓ చెంచాడు నెయ్యి కూడా వేశాడు. సాయంత్రానికి చీమలు బారులు తీరాయి.

ఇక మందు. గవర్రాజు దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. స్కెచ్ పెన్ను తీసి, బూరె వీపుమీద గుండ్రంలో 'మందు' అని రాశాడు. మచ్చ చుట్టూ కూడా 'మందు, మందు, మందు' అని రాశాడు. తర్వాత నాలుగు వారాలు రాయాలి కాబట్టి వరసగా ఆది, సోమ, మంగళ, బుధ అని రాశాడు.

"గురువారం కూడా రాయకూడదా అండీ? చోటుంది," అంది మాణిక్యం.

"నాలుగే చెప్పింది. డాక్టర్ల మాట మీరకూడదు."

"మరి ఆవిడిచ్చిన ఈ గొట్టం ఏంటన్నయ్యా?"

"ఇంకు అయ్యుంటుంది. పాపం, మన దగ్గర పెన్ను లేదనుకుంది."

గారెని దూరంగా పెట్టే పని అబ్బులుకి పడింది. దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళాడు. చాలా దూరం వచ్చేశాం కదా అని తృప్తిపడి, అదే బస్సులో వెనక్కి తెచ్చి మళ్ళీ బూరె పక్కనే పెట్టాడు.

ఇన్ని చేసినా బూరె చిక్కిపోతూనే ఉంది. గవర్రాజు పేపరు పైకి చదివినా కుయ్ అనట్లేదు. ఆయనకి ముద్ద దిగడం లేదు. డాక్టరమ్మకి ఫోన్ చేద్దామని చెయ్యి జేబులోకి పోయేది. రెండోసారి అడిగినట్టవుతుందని వెనక్కి వచ్చేది.

డాక్టరమ్మ చెప్పినవాటిలో ఇంకో మాట మిగిలింది. అంటుకుంటుందంది కదా! అందుకని అబ్బులు బకెట్లనిండా నీళ్ళు పట్టి కాపలా కూర్చున్నాడు. కాపలా కాసి కాసి వాడి కళ్ళు కాయలు కాశాయి. ఇంతలో లోపల్నుంచి గవర్రాజు కేక వినిపించింది. బూరెని కూర్చోబెట్టుకునే చోట, పొట్టమీద, ఎర్రగా గుండ్రంగా లేచింది. గోకిన కొద్దీ మండుతోంది.

"ఒరేయ్ అబ్బులూ! పొట్టమీద మంటరా!"

ఇంకేముంది! "అంటుకుంది! వదినా, అన్నయ్య అంటుకున్నాడు!" అని అబ్బులు బకెట్ ఎత్తి గుమ్మరించాడు. మాణిక్యం ఇంకో బకెట్. "అంటుకుంది, అంటుకుంది!" అన్న కేకలు విని తాతారావు ఫైరింజనుకి ఫోన్ చేశాడు. వాళ్ళు గంట కొట్టుకుంటూ వచ్చారు.

"ఎక్కడండీ మంట?"

"ఆయన పొట్టమీదండీ!"

చెప్పిన చోట వాళ్ళు గొట్టం పెట్టారు. గవర్రాజు, మంచం, పేపరు, మంచం కింద దాక్కున్న బూరె, అన్నీ వెనక గుమ్మంలోంచి ఎగిరివెళ్ళి పెరటి గోడకి కొట్టుకున్నాయి.

నీళ్ళు ఆగాక చూస్తే బూరె కదల్లేదు. కళ్ళు సగం మూసుకుని ఒక పక్కకి వాలిపోయింది. గవర్రాజు దాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు. గుండె కొట్టుకుంటోంది గానీ సన్నగా, ఆగి ఆగి. ఆయన చొక్కా వేసుకోలేదు, చెప్పులు తొడుక్కోలేదు. దాన్ని తువ్వాల్లో చుట్టుకుని, "ఒక్కసారి కుయ్యనవే, ఒక్కసారి," అని ఏడుస్తూ నడిబజారులో పరిగెత్తాడు.

డాక్టరమ్మ తువ్వాలు విప్పింది. బూరె వీపుమీద ఇంకు కారిపోయినా బుధవారం ఇంకా స్పష్టంగానే ఉంది.

"ఎవరు రాశారిది?"

"నేనేనమ్మా," అన్నాడు గవర్రాజు కళ్ళు తుడుచుకుంటూ. "అక్షరాలు బావున్నాయా?"

డాక్టరమ్మ బూరెని తుడిచి, వెచ్చటి గుడ్డలో పెట్టి, నోట్లో చుక్క చుక్కగా మందు పోసింది. తర్వాత సంగతంతా విని తల పట్టుకుంది.

"అర్థం కాకపోతే నన్ను అడగొచ్చు కదండీ?"

"అడిగితే తెలివితక్కువవాళ్ళం అనుకుంటారు కదమ్మా."

ఆవిడ బూరె వంక చూసింది, ఆయన వంక చూసింది. "మీ పరువు కోసం దీని ప్రాణం తీసేవారు," అంది. గవర్రాజుకి ఆ ఒక్కమాటా సూటిగానే అర్థమైంది. తల దించుకున్నాడు.

ఆవిడ రెండిటినీ తన దగ్గరే ఉంచేసుకుంది. వేర్వేరు గూళ్ళు, పొడి గడ్డి, జామకాయ ముక్కలు, నోటికి మందు, ఒంటికి మందు. ఆ ముగ్గురినీ మనుషుల డాక్టరు దగ్గరికి తరిమింది, ముగ్గురికీ తామర గుండ్రాలు లేచాయి మరి. ఆ డాక్టరు, "మందు రాస్తాను," అనగానే గవర్రాజు చొక్కా విప్పి, "చక్కిలిగింతలండీ, మెల్లిగా రాయండి," అన్నాడు.

గవర్రాజు రోజూ వచ్చి గూటి బయట కూర్చుని పేపరు చదివేవాడు. ఒక పొద్దున, కూరగాయల ధరల దగ్గరికి వచ్చేసరికి, లోపల్నుంచి కుయ్ అని వినిపించింది. పేపరు కింద పడేశాడు. ఆ తర్వాత మెల్లిమెల్లిగా ముక్కు పక్కన నూగు వచ్చింది, వీపు నిండింది. మళ్ళీ వెంట్రుకలు పరీక్షకి పంపితే ఈసారి ఏమీ రాలేదు. ఫెయిలైనందుకు అబ్బులు కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ, డాక్టరమ్మ ఇదే మంచిదని సర్దిచెప్పింది.

ఇంటికి పంపే రోజు ఆవిడ చాలా జాగ్రత్తపడింది. మాటలతో కాకుండా చేతులతో చేసి చూపించింది. గడ్డి ఇలా పరవాలి. చేతులు ఇలా కడగాలి. బురద గుంట పూడ్చామని ఒట్టు వేయించుకుంది. ముగ్గురూ బుద్ధిగా తలూపారు. ఆవిడకి ప్రాణం కుదుటపడింది. బుట్ట చేతికిస్తూ, సంతోషంకొద్దీ ఒక్కమాట నోరు జారింది.

"ఇకనుంచైనా వీటిని కళ్ళల్లో పెట్టుకుని చూసుకోండి."

అంతే. గవర్రాజు మెట్లమీదే ఆగిపోయాడు. బుట్టలోకి చూశాడు. రెండు పందులు. తనకి రెండు కళ్ళు.

"లెక్క సరిపోయింది! తువ్వాలు తియ్యరా!"

ఎడమ కంటిమీద బూరె, కుడి కంటిమీద గారె. చుట్టూ తువ్వాలు తిప్పి అబ్బులు వెనకాల ముడేశాడు.

"ఏవండీ, కనిపిస్తోందా?"

"ఏమీ కనిపించట్లేదే!"

"అయితే సరిగ్గానే కూర్చున్నాయి," అంది మాణిక్యం, మొగుడి చెయ్యి పట్టుకోవడం మర్చిపోయి.

గవర్రాజు ఛాతీ విరుచుకుని నడిచాడు. "కుడికండీ, కుడికి!" అని మాణిక్యం అరిచింది. "కుడివైపు గారె అడ్డం ఉందే, ఎలా తిరగను?" అంటూ ఆయన తిన్నగా పోయి, మెట్ల కింద ఇంజెక్షన్ కోసం కట్టేసి ఉన్న గేదెని ఢీకొట్టాడు. గేదె ఉలిక్కిపడి అంబా అంది.

గవర్రాజు రెండు పందులూ పడిపోకుండా చేతులు అడ్డం పెట్టుకుని, గేదె మీద కసిరాడు.

"ఏమ్మా, మనిషొస్తున్నాడని చూసుకోవద్దూ? కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?"